పిడుగుల హెచ్చరికను ఊళ్లో జనం పట్టించుకోవాలంటే ఎలా చెప్పాలి?

పిడుగులు పడతాయని ఫోన్లకు సందేశాలు వస్తున్నా మీ ఊళ్లో ఎవరూ కదలడం లేదని, ఎలా చెబితే వింటారని అడిగారు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. యాసంగి వడ్లు కొనే రోజుల్లో ధాన్యం కేంద్రం దగ్గర మైకులో హెచ్చరికలు చెప్పే పని కొన్నేళ్లుగా నాదే.

జనానికి పిడుగంటే భయం లేక కాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండిపోతుంది, సాయంత్రానికి ఉరుములతో గాలివాన వస్తుంది. సరిగ్గా అప్పుడే పంటంతా కల్లంలో రాశిగా పోసి ఉంటుంది. మబ్బు కమ్మగానే రైతు పరదాలు కప్పడానికి ఇంట్లోంచి కల్లానికి పరుగెత్తుతాడు. వడ్లు తడిస్తే కాంటా కాదు, అంటే కేంద్రంలో తూకం వేయరు, మళ్లీ ఆరబోసుకుంటూ రోజుల తరబడి కాపలా కాయాలి. అలాంటి మనిషికి ‘ఇంట్లోనే ఉండండి’ అని సందేశం పంపితే ఎలా ఉంటాడు?

అందుకే నేను రెండుసార్లు చెబుతాను. వాతావరణ శాఖ పొద్దున మన జిల్లా పేరు చెప్పిందంటే పది గంటలలోపే మొదటి మాట: ‘సాయంత్రం ఉరుముల వాన రావచ్చు. మూడింటిలోపు రాశులు కప్పి, పరదాల అంచుల మీద రాళ్లు పెట్టండి.’ ఉరుము వినబడగానే రెండోది: ‘కప్పడం పూర్తి కాకపోయినా వదిలేసి బడిలోకి రండి.’ మొదటిది చెప్పని రోజు రెండోదానికి ఒక్కరూ రారు.

ఎక్కడికి రావాలో పేరు పెట్టి చెప్పాలి. ‘సురక్షిత ప్రాంతం’ అంటే పొలంలో ఉన్నవారికి వేపచెట్టే కనిపిస్తుంది. చెట్టుకు తగిలిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేల గుండా కాళ్లలోకీ పాకుతుంది. బడి, పంచాయతీ భవనం, అద్దాలు మూసిన బస్సు లేదా కారు మంచివి. ట్రాక్టరు, పందిరి పనికిరావు.

వాతావరణ శాఖ హెచ్చరికలకు ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగులు నేను మైకులో చెప్పను. పసుపంటే గమనిస్తూ ఉండాలని, నారింజ అంటే సిద్ధపడాలని, ఎరుపంటే వెంటనే కదలాలని చెప్పేవారికి తెలిస్తే చాలు, వినేవారికి చేయవలసిన పని చెప్పాలి.

జూన్‌లో పత్తి విత్తనాలు పెట్టేటప్పుడు ఫోను చేయవలసింది కూలీలకు కాదు, చేను ఆసామికి. కూలి కోత పడుతుందేమోనన్న భయంతో ఏ అక్కా తనంతట తాను పని వదిలి రాదు. ఆయన ‘పదండమ్మా’ అంటే అందరూ కదులుతారు. ఈ ఒక్క ఫోను విలువ అధికారులకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

‘నిన్న ఏమీ పడలేదు కదా’ అనేవారు తప్పక ఉంటారు. మండలంలో ఎక్కడైనా పడవచ్చని ముందే చెప్పండి, పక్క ఊళ్లో పడితే మర్నాడు ఆ సంగతీ చెప్పండి.

బయటికి వెళ్లవచ్చనే మాట కూడా మైకులోనే రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి చెప్పండి. వాన వెలిసిందని పరదాల మీది నీళ్లు తోడెయ్యడానికి జనం పరుగెత్తేది ఆ అరగంటలోనే.