విజార్డ్ ఆడతానన్న కొత్త ప్లేయర్‌కి ఎలా నేర్పాలంటే

తమ్ముడూ,

నువ్వు కథ నడిపిస్తుంటే ఒక్కొక్కరు ఒక పాత్రగా ఆడే మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ టేబుల్‌కి కొత్తగా వస్తున్న అమ్మాయి మంత్రాలు వేసే విజార్డే ఆడతానంటోందని, మిగతావాళ్ళేమో ముందు కత్తి పట్టే ఫైటర్ ఆడించు తర్వాత చూద్దాం అంటున్నారని రాశావు కదా, వాళ్ళ మాట వినకు. తను వస్తున్నదే మంత్రాలు వెయ్యాలని, చేతికి కత్తి ఇస్తే రెండో వారం రాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మ్యాజిక్ కష్టం అంటారు గానీ రూల్స్ ఎక్కువై కాదు, టర్న్ వచ్చిన ప్రతిసారీ పది దారుల్లో ఒకటి ఎంచుకోవాలి, అప్పుడే అందరూ తనవైపు చూస్తుంటారు, కొత్తవాళ్ళు బిగుసుకుపోయేది అక్కడే. ఆ దారులు నువ్వు తగ్గించు, ఎంచుకోవడం మాత్రం తనకే వదిలెయ్.

కొందరు సోర్సరర్ (మంత్రాలు వేసే ఇంకో రకం పాత్ర) ఈజీ అంటారు, లెవెల్ 1లో 2 స్పెల్సే, అంటే రెండు మంత్రాలే కదా అని. నేనొప్పుకోను. మీరు ఆడేది 2014 రూల్స్ పుస్తకం, అందులో సోర్సరర్‌కి ఆ రెండూ నచ్చకపోతే లెవెల్ పెరిగేదాకా ఆగాలి, అప్పుడైనా ఒక్కటే మార్చుకోవచ్చు. విజార్డ్‌కైతే స్పెల్‌బుక్‌లో 6 ఉంటాయి, ఇంటెలిజెన్స్ 16 ఉంటే 4 ప్రిపేర్ చేసుకోవచ్చు, అంటే ఆ రోజు వెయ్యడానికి సిద్ధంగా పెట్టుకోవచ్చు, నచ్చకపోతే లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటిది) తర్వాత మార్చేసుకోవచ్చు. కొత్తవాళ్ళకి అది చాలా ధైర్యం.

నేనైతే స్లీప్, షీల్డ్, మ్యాజిక్ మిసైల్, డిస్‌గైజ్ సెల్ఫ్ ప్రిపేర్ చేయిస్తా. ఒంటికి రక్షణ ఇచ్చే మేజ్ ఆర్మర్ అందరూ తీసుకోమంటారు గానీ లెవెల్ 1లో ఉన్నవే 2 స్లాట్లు (ఒక్కో స్పెల్‌కి ఒకటి ఖర్చవుతుంది), పొద్దున్నే ఒకటి దానికి పెట్టేస్తే ఇక ఆ రోజంతా ఆడేదేముంది, తర్వాత తీసుకోవచ్చులే. మిగతా రెండూ డిటెక్ట్ మ్యాజిక్, తోడుగా చిన్న జంతువుని పిలిచే ఫైండ్ ఫెమిలియర్. ఇవి రిచువల్స్, పుస్తకంలో ఉంటే చాలు, ప్రిపేర్ చెయ్యకుండానే 10 నిమిషాలు ఎక్కువ తీసుకుని స్లాట్ ఖర్చు లేకుండా వేసుకోవచ్చు. ఫెమిలియర్‌కి 10 గోల్డ్ పీసుల సామాను కావాలి, అది మొదటిరోజే ఇప్పించెయ్, గుడ్లగూబ వచ్చిందంటే తనకి ఆట మీద ప్రేమ పుడుతుంది.

స్లాట్ల లెక్క పేపర్ మీద గీతలు పెట్టి కాదు, రెండు చింతగింజలు తన ముందు పెట్టు. స్పెల్ వేస్తే ఒక గింజ నీకు ఇచ్చెయ్యాలి. ఫైర్ బోల్ట్ లాంటి క్యాంట్రిప్స్‌కి గింజ అక్కర్లేదు, ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు. రోజుకోసారి షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) అయ్యాక ఆర్కేన్ రికవరీ అనే విజార్డ్ శక్తితో ఒక గింజ నువ్వే తిరిగివ్వు. ఇలా చేతికి తెలిస్తే రెండో సెషన్‌కల్లా అడగడం మానేస్తుంది.

ఒక్కో స్పెల్‌కి ఒక చిన్న కార్డు, తన చేతే తెలుగులో రాయించు. ఎంత దూరం, ఎంతసేపు, డైస్ ఎవరు వెయ్యాలి, ఇంతే. తను డీ20 (20 ముఖాల డైస్) వేసి 5 కలపాలా, లేక ఎదుటివాడు వేసి కనీసం 13 తెచ్చుకోవాలా అన్నదగ్గరే అందరూ తికమకపడతారు, అందుకే అది పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఇక స్లీప్ సంగతి, దీన్ని సెషన్ ముందే బల్లమీద బొమ్మలు పెట్టి ఒకసారి చూపించు. 5 డీ8లు (8 ముఖాల డైస్‌లు) వేస్తారు, మొత్తం 21 వచ్చిందనుకో. ఎంచుకున్న చోటునుంచి 20 అడుగుల చుట్టులో ఎవరికి హిట్ పాయింట్లు (మిగిలిన ప్రాణం లెక్క) తక్కువుంటే వాళ్ళు ముందు పడిపోతారు, అది మనవాళ్ళయినా సరే. దెబ్బలు తిని 4 మీదున్న మీ ఫైటర్ అక్కడుంటే వాడే మొదట పడతాడు, 17 మిగులుతుంది, 7 చొప్పున ఇద్దరు గోబ్లిన్లు పడతారు, మూడోవాడికి 3 చాలదు. అదే ఆ చుట్టుని పది అడుగులు అటు జరిపి ఫైటర్‌ని బయట పెడితే ముగ్గురూ పడతారు. ఈ తేడా తన కళ్ళతో చూస్తే స్పెల్ వెయ్యడమంటే ఎక్కడ వెయ్యాలో ఆలోచించడమని నువ్వు చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

షీల్డ్ విషయంలో పని నీదే. దెబ్బ తగిలితే వెంటనే డ్యామేజ్ చెప్పెయ్యకు, "నాకు 16 వచ్చింది, నీకు తగిలింది" అని ఒక్క క్షణం ఆగు. తన ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే ఎదుటివాడికి కనీసం రావాల్సిన అంకె) 12 అయితే షీల్డ్‌తో 17 అవుతుంది, దెబ్బ తప్పిపోతుంది. నువ్వు ఆగకపోతే ఆ స్పెల్ ఉన్నట్టే తనకి గుర్తురాదు.

ఆ ప్రిపేర్ చేసిన నాలుగింటిలో ఒక్కదానికీ కాన్సంట్రేషన్ (వేసిన స్పెల్‌ని మనసు పెట్టి నిలబెట్టుకోవడం) లేదు, కావాలనే అలా ఎంచాను. ఒకేసారి ఒకటే నిలబెట్టుకోవడం, దెబ్బ తగిలినప్పుడల్లా 10 గానీ డ్యామేజ్‌లో సగం గానీ ఏది ఎక్కువైతే దానిమీద కాన్‌స్టిట్యూషన్ సేవ్ (తట్టుకుందో లేదో చూసే డైస్) వెయ్యడం, ఇవన్నీ లెవెల్ 3లో వెబ్ స్పెల్ తీసుకున్నప్పుడు నేర్పొచ్చు.

నాకు అన్నిటికన్నా భయం మీ పాత ప్లేయర్ల గురించే. తన టర్న్‌లో "స్లీప్ వెయ్యి, స్లీప్ వెయ్యి" అని అరిచేవాళ్ళని ముందే పక్కకి పిలిచి గట్టిగా చెప్పు, తను అడిగితేనే మాట్లాడాలి. ముందువాడి టర్న్ నడుస్తుండగానే "తర్వాత నువ్వే" అని తనకి మెల్లగా చెప్పు, ఆలోచించుకోడానికి టైమ్ దొరుకుతుంది. ఒక గింజ వేస్ట్ చేసుకున్నా చెయ్యనీ, సరిదిద్దకు.

క్యారెక్టర్ షీట్ నింపాక ఫోటో పంపు, సెషన్‌కి ముందు ఒకసారి చూస్తా.

మీ అక్క