పచ్చబొట్టు: సూది పడకముందు, పడిన తరువాత

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 24 ఏళ్లు. ముంజేతి మీద మొదటిసారిగా టాటూ వేయించుకోవాలని ఉంది. గతంలో చెవి కుట్టించుకున్నప్పుడు తమ్మె వెనుక గట్టిగా ఒక బుడిపె పెరిగి, ఇప్పటికీ అలాగే ఉంది. టాటూకు ఇది అడ్డంకి అవుతుందా? ముందుగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఆ బుడిపె సంగతి మీరు రాయడం మంచిదయింది, ఈ విషయంలో నన్ను అడిగేవారిలో చాలామంది బొమ్మ గురించి పేజీలు రాస్తారు కానీ తమ చర్మం గురించి ఒక్క మాటా రాయరు. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి అది కీలాయిడ్ కావచ్చు. గాయం మానిన తరువాత మచ్చ అక్కడితో ఆగక, గాయం హద్దు దాటి పెరగడాన్నే కీలాయిడ్ అంటాము. ఒకచోట వచ్చినవారికి మరోచోట వచ్చే అవకాశం ఉంటుంది. భుజాల మీద, ఛాతీ మధ్యభాగంలో వచ్చినంత తరచుగా ముంజేతి మీద రాదన్నది నిజమే అయినా, అసలు రాదని హామీ ఇవ్వలేము. కనుక ముందుగా చర్మవైద్యునికి ఆ బుడిపెను చూపించి, ఆ తరువాతే నిర్ణయించుకోండి.

సిరా నిలవాలంటే సూది పైపొరను దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉండే లోపలి పొరను చేరాలి. అంటే టాటూ చూడటానికి బొమ్మే అయినా, చర్మం దృష్టిలో అది కొన్ని వేల చిన్న గాయాల సముదాయం. మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులో ఉన్నప్పుడే వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు టాటూ కోసం వాటిని సొంతంగా మానకూడదు, వైద్యుణ్ణి అడగాలి. గర్భిణులు ప్రసవం అయ్యేదాకా ఆగడం మంచిది. పుట్టుమచ్చ మీద సిరా వేయించుకోకండి, ఎందుకంటే రేపు అది రంగు మారినా, ఆకారం మారినా కనిపించకుండా పోతుంది. ముందురోజు మద్యం మాని, కంటినిండా నిద్రపోయి, కడుపు నింపుకుని వెళ్లండి. నొప్పి తెలియకుండా ఉండేందుకు తిమ్మిరి క్రీమును పెద్ద భాగానికి దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి గంటల తరబడి ఉంచడం ప్రమాదకరం; అందులోని మందు ఎక్కువగా రక్తంలోకి చేరితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

ఇక వేసే చోటు. సీలు ఉన్న ప్యాకెట్టు మీ కళ్లముందే విప్పి కొత్త సూది తీయాలి, కొత్త గ్లవ్స్ తొడుక్కోవాలి, సిరాను మీ ఒక్కరి కోసం చిన్న కప్పులలో పోసి, మిగిలినది పారేయాలి. సూది సంగతి అందరూ అడుగుతారు. సిరాను పలచన చేసే నీటి గురించి ఎవరూ అడగరు. 2011-12లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో టాటూ వేయించుకున్న 19 మందికి మొండి చర్మవ్యాధి సోకింది. దానికి మూలం ముందే నీటితో పలచన చేసి అమ్మిన బూడిదరంగు సిరాలో ఉన్న క్షయజాతికి దగ్గరి బంధువైన ఒక సూక్ష్మజీవి అని తేలింది. కనుక పలచన చేయడానికి సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన (స్టెరైల్) నీటినే వాడుతున్నారా అని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: ఒకరు గంటకు ఇంత అంటున్నారు, మరొకరు మొత్తం బొమ్మకు ఇంత అంటున్నారు. అడ్వాన్సు కూడా కట్టమంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: డబ్బు లెక్క చర్మవైద్యుణ్ణి అడగడం కొంత విచిత్రమే అయినా, చౌకబేరాల ఫలితాలు చివరికి మా దగ్గరికే వస్తాయి కనుక చెబుతాను. రెండు పద్ధతులూ సరైనవే. చిన్న బొమ్మకు మొత్తం ధర మాట్లాడుకోవడం తేలిక. అనేక సిట్టింగులు పట్టే పెద్ద పనికి గంటల లెక్కే సాధారణం, అయితే సుమారు ఎన్ని గంటలు పడుతుందో ముందే చెప్పించుకోండి. చిటికెడంత బొమ్మకు కూడా కనీస రుసుము ఎందుకని మీకు అనిపించవచ్చు. సూది, గ్లవ్స్, కప్పులు, శుభ్రం చేసే శ్రమ చిన్న బొమ్మకైనా పెద్ద బొమ్మకైనా ఒకటే. అడ్వాన్సు సాధారణంగా తిరిగి ఇవ్వరు, చివరి బిల్లులో తగ్గిస్తారు. తేదీ మార్చుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మానిన తరువాత రంగు నిలవని చోట్ల టచప్ ఉచితమా కాదా అన్న రెండు విషయాలు రాతపూర్వకంగా ఉంటే పేచీ ఉండదు. బేరమాడదలిస్తే బొమ్మ పరిమాణం తగ్గించుకోండి. ధర మాత్రమే తగ్గించమంటే కోత ఎక్కడ పడుతుందో మీకు తెలియదు. నచ్చక లేజరుతో తీయించుకోవలసి వస్తే అనేక సిట్టింగులు పడతాయి, వేయించుకోవడానికి అయినదానికన్నా ఎక్కువ ఖర్చవుతుంది. నలుపు కొంత సులభంగా వదులుతుంది. ఆకుపచ్చ, నీలం, పసుపు మొండికేస్తాయి.

ప్రశ్న: టాటూ వేయించుకుని ఆరు రోజులైంది. రంగుతో సహా పొట్టు రాలుతోంది, బొమ్మ మసకబారింది, దురద భరించలేకపోతున్నాను. రంగంతా పోతుందా?

జవాబు: పోదు. రాలుతున్నది గాయపడిన పైపొర. దానిలో చిక్కుకున్న సిరా దానితోపాటే పోతుంది. లోపలి పొరలోని సిరాను రోగనిరోధక కణాలు మింగి పట్టుకుని ఉంటాయి. ఒక కణం చనిపోతే, అది వదిలిన రంగును పక్క కణం అందుకుంటుంది. ఏళ్ల తరబడి బొమ్మ నిలిచేది అందువల్లనే. కొత్త పైపొర పలచబడేదాకా మసకగా కనిపించడం సహజం. పొట్టును గోటితో లాగితే మాత్రం దానితో లోపలి రంగు కూడా ఊడి, అక్కడ ఖాళీ మిగులుతుంది. దురద పుడితే గోకకుండా అరచేతితో మెల్లగా తట్టండి.

రోజుకు రెండుసార్లు వాసన లేని సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా అద్ది, మెరుపు తేలేంత పలచగా మాత్రమే లేపనం రాయండి. దట్టంగా రాస్తే చర్మం నాని, పొక్కులు మెత్తబడి ఊడతాయి. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు అందరికీ అవసరం లేదు, కొందరికి అదే ఎలర్జీ తెస్తుంది. రెండు మూడు వారాలపాటు ఈతకు వెళ్లకూడదు, నీటి తొట్టిలో నానకూడదు. పూర్తిగా మానేదాకా ఎండ తగలకుండా బట్ట కప్పండి, మానిన తరువాత సన్‌స్క్రీన్ వాడండి.

మొదటి రెండు మూడు రోజుల ఎర్రదనం, వాపు మామూలే. ఆ తరువాత అవి తగ్గకపోగా పాకుతూ ఉంటే, చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. కొన్ని వారాల తరువాత బొమ్మ పొడవునా చిన్న గడ్డలు లేచినా, నెలలు గడిచాక ఎరుపు రంగు ఉన్న చోట మాత్రమే దద్దురు, దురద వచ్చినా, ‘ఎప్పుడో మానిపోయింది కదా’ అని ఊరుకోకండి. ఎలర్జీ ఎక్కువగా ఎరుపు రంగుకే కనిపిస్తుంది.

ప్రశ్న: టాటూ ఉంటే ఎంఆర్‌ఐ తీయరంటారు, నిజమేనా?

జవాబు: తీస్తారు. కొన్ని సిరాలలో ఇనుప ఆక్సైడ్ ఉండడం వల్ల అరుదుగా ఆ చోట వేడిగా, మంటగా అనిపించవచ్చు. టాటూ ఉందని ముందే చెప్పండి. యంత్రం లోపల ఉన్నప్పుడు మంట అనిపిస్తే వెంటనే చేతిలోని బజరు నొక్కండి.