సావిత్రి నటించిందా, నటించారా?

సందేహం: మా ఊరి గ్రంథాలయ వార్షికోత్సవ సంచికకు అలనాటి నటీనటుల మీద ఒక వ్యాసం రాశాను. ‘మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా విజృంభించాడు, సావిత్రి అద్భుతంగా నటించింది’ అన్న వాక్యం చూసి మా నాన్నగారు నొచ్చుకున్నారు. అంతటి వాళ్లను ఏకవచనంలో అనడానికి చెయ్యెలా వచ్చిందని అడిగారు. నాకు వాళ్లంటే ప్రాణం. ఏది ఒప్పు? ఇంకొకటి. రంగస్థలం మీద స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం వేసినప్పుడు ‘సత్యభామ అలిగింది’ అనాలా, ‘అలిగారు’ అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ వాక్యం శుద్ధమైన తెలుగు వాక్యం. అందులో అగౌరవం ఇసుమంతైనా లేదు. అలాగని మీ నాన్నగారు నొచ్చుకోవడం చాదస్తమూ కాదు. మీరు ప్రేమతో రాశారు, ఆయన గౌరవం కోసం వెతికారు. తెలుగులో ఆ రెండింటికీ క్రియారూపాలు వేరు.

పాత పాటలు, పద్యాలు తలుచుకుంటూ నలుగురు అభిమానులు కూర్చున్నచోట చెవి ఒగ్గి వినండి. ‘ఏం పాడాడండీ ఘంటసాల!’ అంటారు. సూర్యకాంతం మాట వస్తే ‘ఏం చేసింది మహాతల్లి!’ అంటారు. మహానుభావుడు, మహాతల్లి అన్నవి మనం ఒక మనిషికి ఇవ్వగలిగిన మాటల్లోకెల్లా ఎత్తైనవి. రెండూ ఏకవచనాలే, వాటి పక్కన క్రియ కూడా ఏకవచనంలోనే ఒదుగుతుంది. ‘ఆ మహానుభావుడు పాడారు’ అని రాసి పైకి చదవండి, పంటికింద రాయిలా తగులుతుంది. ‘పాడాడండీ’ అన్న మాటను కాస్త విప్పి చూస్తే ఇంకో విశేషం కనిపిస్తుంది. అందులో ‘అండీ’ ఎదుట కూర్చున్న మనిషికి చూపిన మర్యాద. ‘పాడాడు’ ఘంటసాల మీది మమకారం. మర్యాద పరిచయస్థుడికి, చనువు ఎన్నడూ కలవని గాయకుడికి! ఒకే మాటలో రెండూ ఇమిడిపోయాయి, ఎవరికీ లోటు జరగలేదు.

దేవుడి విషయంలోనూ మన వాడుక ఇంతే. ఉత్సవం రోజున ‘స్వామివారు ఊరేగింపుగా బయలుదేరారు’ అని మైకులో చెబుతారు. అదే స్వామి ఎదుట చేతులు జోడించి ‘నువ్వే దిక్కు తండ్రీ’ అంటాం. రామదాసు చెరసాలలో రాముణ్ణి నిలదీసింది కూడా ‘నీవు’ అనే. కాబట్టి నలుగురిలో నిలబడి చెప్పే మాటకు బహువచనం, గుండెలోంచి వచ్చే మాటకు ఏకవచనం అన్నది సినిమావాళ్ల కోసం కొత్తగా పుట్టిన అలవాటు కాదు.

మీ ఇద్దరి మధ్య తేడాకు మరో కారణం కూడా నాకు తోస్తోంది. ‘తిక్కన రాశాడు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. కాలం గడిచి చరిత్రలోకి వెళ్లినవారిని ఏకవచనంలో చెప్పుకోవడం మన పద్ధతి. ఎస్వీ రంగారావు, ఘంటసాల ఇద్దరూ 1974లో వెళ్లిపోయారు, సావిత్రి 1981లో. వారి సినిమాలు కొత్తగా విడుదలైన రోజుల్లో చూసినవారికి వారు ఇంకా ఇంటి పెద్దలే. మీ తరానికి తిక్కన సరసన చేరినవారు. ‘విజృంభించాడు’ అన్న మీ మాటకూ ‘విజృంభించారు’ అని మీ నాన్నగారు కోరిన మాటకూ మధ్య ఉన్నది ఒక తరం దూరం.

ఇక ‘నటించింది’ సంగతి. ఇక్కడ చిక్కు కొంచెం లోతైనది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కాక మిగిలినవాటిని మహత్తులు అంది. అంటే ఏకవచనంలో స్త్రీకి చోటు అమహత్తులలోనే. ‘సావిత్రి వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని ఒకే క్రియతో చెప్పుకుంటున్నది అందుకే. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు పురుషుల వైపు చేరతారు. నటులు వచ్చారు, నటీమణులు వచ్చారు, బస్సులు వచ్చాయి. గ్రాంథికంలో భూతకాలానికి ఈ బాధ లేదు. రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను, అందరికీ ఒకటే. వాడుకభాషలో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ విడిపోయి ఆ గీత కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ‘నటించింది’ అని చదివినప్పుడు కొందరికి మనసు చివుక్కుమనడం వెనక ఈ పాత గీత ఉంది. తప్పు రాసినవారిది కాదు. కానీ చివుక్కుమన్నవారిని తోసిపుచ్చకూడదని కూడా నా అభిప్రాయం. ‘సావిత్రి నటించారు’ అనే వీలు భాషలో ఉండనే ఉంది.

నాకు నిజంగా కష్టం కలిగించే రాత వేరే ఉంది. మచ్చుకు ఇలాంటిది: ‘ఈ చిత్రంలో ఎన్టీఆర్ కృష్ణుడిగా నటించారు. సావిత్రి శశిరేఖగా నటించింది. రేలంగి లక్ష్మణకుమారుడిగా నటించాడు. హిడింబిగా సూర్యకాంతం నటించింది.’ వ్యాకరణం ప్రకారం ప్రతి వాక్యమూ ఒప్పే. నాలుగూ కలిపి చదివితే మాత్రం పెద్ద తప్పు. కథానాయకుడికి బహువచనం, కథానాయికకు ఏకవచనం, హాస్యనటుడికీ ఏకవచనమే. ఎవరు కూర్చోవాలో ఎవరు నిలబడాలో క్రియతో నిర్ణయించేసినట్టు. రేలంగి వెంకట్రామయ్య పద్మశ్రీ అందుకున్న నటుడు. ఆ లక్ష్మణకుమారుడి బెదురుచూపులు లేని మాయాబజార్‌ను ఊహించండి చూద్దాం. సూర్యకాంతం పేరు తెలుగు ఇళ్లలో గయ్యాళి అత్తకు మారుపేరైపోయింది, పాత్రను అంతగా నమ్మించిన నటికి ‘రు’ ఇవ్వడానికి చేయి రాకపోవడం ఏమిటి? ఏకవచనమైతే అందరికీ ఏకవచనం రాయండి, బహువచనమైతే అందరికీ బహువచనం. ఈ ఒక్కదానిలో మాత్రం నేను రాజీపడను. మీరు రంగారావునూ సావిత్రినీ ఒకే వరసలో నిలబెట్టారు, అందుకు సంతోషం.

మరోచోట పాఠకులు అకారణంగా నొచ్చుకుంటూ ఉంటారు. ‘ఆ పద్యం పాడింది ఘంటసాల గారు’, ‘ఆ వేషం వేసింది రంగారావు గారు’. పెద్దమనిషిని పట్టుకుని ‘పాడింది’ ఏమిటని అడిగినవారు ఉన్నారు. అది ‘పాడినది’ అన్న మాటకు వాడుక రూపం. కర్త మీద ఒత్తు పెట్టడానికి వాక్యాన్ని తిరగేసి చెప్పే పద్ధతి. అక్కడ లింగభేదమూ లేదు, మర్యాద కొరతా లేదు. అయినా శంకించేవారి కోసం ‘పాడినవారు’ అని రాస్తే ఇబ్బంది తీరుతుంది. ‘గారు’ పెట్టి ‘ఘంటసాల గారు పాడాడు’ అనడం మాత్రం ఏ దారినా కుదరదు. ‘గారు’ వచ్చాక క్రియ బహువచనంలోనే ఉండాలి.

సత్యభామ అలక దగ్గరకు వద్దాం. క్రియ వాక్యంలో మీరు ఎవరిని కర్తగా నిలబెట్టారో వారి వెంట నడుస్తుంది. పాత్రను చెబితే ‘సత్యభామ అలిగింది’. నటుణ్ణి చెబితే ‘స్థానం నరసింహారావు గారు అలకను అభినయించారు’. ‘సత్యభామగా స్థానం అలిగింది’ అంటే రెండూ చెడతాయి. బాపట్లలో 1902లో పుట్టిన ఆయన శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామ వేషం కట్టి, తనే రాసుకుని పాడిన పాట ‘మీరజాలగలడా’. 1966 నాటి సినిమాలో జమునకు సుశీల గొంతుతో వినిపించింది కూడా అదే. కృష్ణపరమాత్మను పట్టుకుని ‘గలడా’ అంటోంది సత్య! ఆ ఏకవచనంలో ఆమె పంతం, చనువు, మగని మీద అధికారం అన్నీ ఉన్నాయి. అక్కడ ‘గలరా’ పెట్టి చూడండి, సత్యభామ మాయమైపోతుంది.

కూచిపూడి భామాకలాపానికీ ఇదే సూత్రం. తెర మీదుగా జడ వేసి సభను సవాలు చేసేది సత్యభామ. ఆ జడ వెనక నిలబడి చూసేవారిని మరిపించినవారు వేదాంతం సత్యనారాయణశర్మ గారు.

మాయాబజార్‌లోనే మీకు మరింత చిక్కని ఉదాహరణ దొరుకుతుంది. ‘అహ నా పెళ్లియంట’ పాటలో కథ ప్రకారం ఉన్నది ఘటోత్కచుడు, కనిపించేది శశిరేఖ, అభినయం సావిత్రిది, గొంతు సుశీలది, నడుమ ఉన్నట్టుండి ఘంటసాలది. ‘మాయాశశిరేఖ సిగ్గులు ఒలకబోసింది’ అన్నా ఒప్పే. ‘అంతలో ఘటోత్కచుడు గొంతెత్తాడు’ అన్నా ఒప్పే. ‘ఆ రెండింటినీ రెప్పపాటు తేడాతో సావిత్రి పలికించారు’ అన్నా ఒప్పే. ఒకే ముఖం, మూడు క్రియలు. ఆ పాటను నేను ఎన్నిసార్లు చూసినా ఆ మార్పు దగ్గర కళ్లు విప్పార్చుకునే చూస్తాను. ఆడపిల్ల రూపంలో ఉన్న రాక్షసుడు ఆడపిల్లలా నటించబోయి జారిపోవడాన్ని ఆమె కంటే బాగా చూపినవారిని నేను ఎరగను.

మీ వ్యాసానికి వస్తే, అది వార్షికోత్సవ సంచిక. సభలో పంచిపెట్టేది, పెద్దలు చదివేది. కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ‘విజృంభించారు, నటించారు’ అని మార్చమనే నా సలహా. హాస్యనటులకూ, చిన్న వేషాలు వేసినవారికీ అదే క్రియ ఉందో లేదో అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి. అభిమానం పొంగి ‘మహానుభావుడు’ అని రాసినచోట ఏకవచనాన్ని అలాగే ఉంచండి, మీ నాన్నగారు కూడా కాదనరు. ‘స్థానం వారు’ అని రాయదలిస్తే మొదటిసారి పూర్తి పేరు రాసి, తర్వాతే అలా రాయండి. ఇంటిపేరుకు ‘వారు’ చేరిస్తే వంశమంతా అనే అర్థం కూడా వస్తుంది.