రెండు తీగల ఎర్హూ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వయొలిన్‌లో డిప్లొమా చేశాను. ఈమధ్య చైనా వాద్యం ఎర్హూ తెప్పించుకున్నాను. కమాను వేస్తే కీచుమంటోందే తప్ప స్వరం పలకడం లేదు. ఉన్నవి రెండు తీగలే కదా, లోపం ఎక్కడుందంటారు?
– ఆర్., విజయనగరం

జవాబు: మీ కుడిచేతిలోనే. ఎర్హూ కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్య నుంచి పోతాయి. కమానుని అరచెయ్యి పైకి ఉండేలా కింది నుంచి పట్టుకోండి. మధ్యవేలు, ఉంగరపు వేలు కర్రకీ వెంట్రుకలకీ మధ్యలోకి వెళ్లాలి. లోపలి తీగకి ఆ వేళ్లతో వెంట్రుకల్ని మీవైపు లాగాలి. బయటి తీగకి వాటిని వదులు చేసి, కమానుని బయటికి నెట్టాలి. అందుకే ఈ కమానుని వయొలిన్ కమానులా బిగించకూడదు. బిగువు వేళ్లే ఇస్తాయి.

వెంట్రుకలు వాద్యం కింది చివర చర్మం బిగించి ఉండే డబ్బా పైభాగానికి ఆనుకుని సమంగా నడవాలి. కొస పైకి లేచిందా, కీచే. ఇంకో సంగతి: వయొలిన్ అలవాటుతో రోజిన్ (వెంట్రుకలకి పట్టునిచ్చే గట్టి బంక) ఒక్కవైపే రాసి ఉంటారు. ఇక్కడ ఒకవైపు లోపలి తీగకి, రెండోవైపు బయటి తీగకి పని చేస్తుంది కాబట్టి రెండువైపులా రాయాలి.

చాప మీద బాసింపట్టు వేసుకుంటే కమాను మోకాలికి తగులుతుంది. కుర్చీలో కూర్చుని, డబ్బాని ఎడమ తొడ మీద, పొట్టకి దగ్గరగా పెట్టుకోండి.

ఎడమచేతి పని మీకు తేలికే. లోపలి తీగ డి, బయటిది ఎ. హార్మోనియం రెండో తెల్లమెట్టుని షడ్జమం అనుకుంటే సరిగ్గా స, ప. కాకపోతే వేళ్ల కింద ఫింగర్ బోర్డు లేదు, తీగ గాలిలోనే ఉంటుంది. గట్టిగా నొక్కితే స్వరం పైకి జరిగిపోతుంది. ఇదే గుణం గమకాలకి పనికొస్తుందిగానీ, ఆ సరదా తర్వాత. మొదటి నెల వేలు పెట్టకుండా ఒక్కో తీగ మీద నిదానంగా కమాను లాగడమే. ఎర్హూని కచేరీ వాద్యం చేసిన ల్యూ థియెన్‌హ్వా (1895–1932) వయొలిన్ కూడా నేర్చినవాడు. ఆయన రాసిన 47 అభ్యాసాలు దొరికితే వదలకండి.

ప్రశ్న: శ్రుతి చేస్తుంటే బయటి తీగ తెగింది. పైగా వానాకాలం వచ్చేసరికి నాదం బొంగురుపోయింది. చర్మం మార్చాలా?
– కె., శ్రీకాకుళం

జవాబు: ట్యూనర్ ‘ఎ’ అనే అక్షరం ఒక్కటే చూపిస్తే అది ఏ స్థాయిదో తెలియదు. పై స్థాయికి బిగిస్తే తీగ తెగక మానదు. హెర్ట్జ్ చూపే యాప్ పెట్టుకోండి: లోపలి తీగ 293.7, బయటిది 440. పై బిరడా లోపలి తీగది, కింది బిరడా బయటిది. ఒకటి అనుకుని రెండోది తిప్పేవాళ్లే ఎక్కువ.

చర్మం ఇప్పుడే మార్చకండి. తేమకి సాగి వదులైంది. మీ సముద్రపు గాలికి ఆ మాత్రం తప్పదు. ఎండ కాసే రోజుల్లో బిగుస్తుంది, అయితే ఎండలో మాత్రం పెట్టకండి, చిట్లుతుంది. వాయించాక తీగల్ని మోసే బ్రిడ్జిని డబ్బా అంచు చెక్క మీదకి జరిపి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. బ్రిడ్జి కింద తీగలకీ చర్మానికీ మధ్య ఉండే ఫెల్టు ముక్క ఊడిపోయినా పైస్వరాలు గరగరలాడతాయి, అదీ చూసుకోండి.

అప్పటికీ నాదం తేరుకోకపోతే కృత్రిమ చర్మం ఉన్న వాద్యం తీసుకోవడం మేలు. దానికి తేమ బాధ తక్కువ. కొండచిలువ చర్మానిది విదేశం నుంచి తెప్పించాలంటే సైటిస్ (ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం ఉండాలి, లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతుంది.