గాలి బొమ్మలు ఇంట్లో వదిలి ఓడ ఎక్కండి

చి.ల.సౌ. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఓడ విహారయాత్రకని కొన్న నీటి బొమ్మల ఫోటో పంపావు, చూశాను. ఒంటికొమ్ము గుర్రం, గులాబీ రంగు రాజహంస, పుచ్చకాయ ముక్క ఆకారంలో పరుపు, పొడవాటి ఫోమ్ కర్రలు, పిల్లల చేతులకు తొడిగే గాలి సంచులు. ఇవి సరిపోతాయా, ఇంకేమైనా కొనాలా అని అడిగావు. వీటిలో ముప్పాతిక వంతు దుకాణానికి తిరిగి ఇచ్చేయమని చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఓడలో పూల్ అంటే మీ ఫ్రిస్కో కాలనీ పూల్ లాంటిదే, ఇంకాస్త పెద్దగా ఉంటుంది అనుకుంటున్నావు. ప్రకటనల్లో అలాగే కనిపిస్తుంది మరి. నిజానికి అది చిన్నది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే పెద్ద ఓడల్లో అయిదు వేల మందికి పైగా ఎక్కుతారు. సముద్రం మీదే గడిచే రోజుల్లో మధ్యాహ్నం వేళ ఆ పూల్‌లో మనుషులు నిలబడటానికే చోటు చాలదు. ఈదడం మాట దేవుడెరుగు. ఇక మీ గుర్రం ఎక్కడ తేలుతుంది? అందుకే చాలా ఓడ కంపెనీలు ఫ్లోట్లను, అంటే గాలి ఊదితే నీళ్లలో తేలే బొమ్మలను, గాలి పరుపులను, ఫోమ్ కర్రలను ఓడలోని పూల్‌లోకి రానివ్వవు. పెట్టెలో పెట్టుకుని ఎక్కితే ఎవరూ అడ్డు చెప్పకపోవచ్చు, పూల్ దగ్గర ఊది దింపబోతే మాత్రం సిబ్బంది వచ్చి తీసేయమంటారు. నాలుగేళ్ల పిల్లకు ఆశ పెట్టి, చేతిలోది లాగేసుకుంటే ఆ ఏడుపు ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు. మీరు ఎక్కే కంపెనీ నియమాల పేజీలో నీటి వస్తువుల గురించి ఏం రాశారో డబ్బు ఖర్చు పెట్టకముందే చదువు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, అవి మారుతూ కూడా ఉంటాయి. స్నేహితురాలు పోయిన ఏడాది తీసుకెళ్లిందన్న మాట పూల్ దగ్గర చెల్లదు.

ఈ నియమం చాదస్తం కాదు. కిక్కిరిసిన పూల్‌లో పెద్ద ఫ్లోటు నీటి పైభాగాన్ని కప్పేస్తుంది. దాని కింద ఒక పిల్లవాడు జారితే ఒడ్డున ఉన్నవాళ్లకు కనపడడు. రెండోది గాలి. ఓడ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, బయట గాలి స్తంభించి ఉన్నా డెక్కు మీద అంత గాలి వీస్తున్నట్టే. ఊదిన బొమ్మను కుర్చీ పక్కన పెట్టి అటు తిరిగితే అది రెయిలింగు దాటిపోతుంది. ఓడల నుంచి ప్లాస్టిక్కు సముద్రంలో పడేయకూడదని 1988 చివరి నుంచి అంతర్జాతీయ నిబంధన అమల్లో ఉంది. సిబ్బంది ఈ విషయంలో ఎందుకంత పట్టుదలగా ఉంటారో దీన్నిబట్టి అర్థం చేసుకో.

ఇక లోతు సంగతి. కాలనీ పూల్స్‌లో ఒకవైపు మోకాలి లోతు నుంచి మొదలై మెల్లగా దిగుతుంది కదా, చాలా ఓడల్లో పెద్ద పూల్‌కు అలాంటి సౌకర్యం ఉండదు. మెట్లు దిగితే నేరుగా పెద్దవాళ్ల ఛాతీ దాకా నీళ్లు. ఓడ ఊగితే ఆ నీళ్లు కూడా ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఊగుతాయి, అలలు లేస్తాయి. సముద్రం మరీ కల్లోలంగా ఉంటే పూల్ మీద వల కప్పి మూసేస్తారు. ఆ రోజు పిల్లలకు ఏం చెప్పాలో ముందే ఆలోచించి పెట్టుకో.

మీతో వస్తున్న స్నేహితుల చంటిపాప గురించి వాళ్లకు ఇప్పుడే చెప్పు. ఓడ ఎక్కాక తెలిస్తే బాధపడతారు. డైపరు వాడే పిల్లలను ఓడ పూల్‌లోకి, హాట్ టబ్‌లోకి దింపనివ్వరు. నీళ్లలో వాడే ప్రత్యేక డైపరు తొడిగినా సరే, కుదరదు. అమెరికా రేవులకు వచ్చే ఓడల శుభ్రతను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 1970ల నుంచి తనిఖీ చేస్తోంది, ఈ కట్టుబాటు అక్కడి నుంచి వచ్చిందే. కొన్ని ఓడల్లో చంటిపిల్లల కోసమే విడిగా నీళ్లు చిమ్మే చిన్న ఆటస్థలం ఉంటుంది. మీ ఓడలో ఉందో లేదో బుకింగ్ చేసిన ఏజెంటును అడిగితే చెబుతారు.

చేతులకు తొడిగే గాలి సంచుల గురించి కాస్త గట్టిగానే రాస్తాను. అవి ఆట వస్తువులు. ప్రాణరక్షణకు కాదని వాటి మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, చదివి చూడు. తడి చేతుల మీద నుంచి జారతాయి, మూత ఊడితే గాలి పోతుంది. అన్నిటికంటే ప్రమాదం, వాటిని చూసి మనకు కలిగే ధైర్యం. పిల్ల తేలుతోంది కదా అని తల్లి ఫోను తీస్తుంది. నీకు కావలసింది అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్న లైఫ్ జాకెట్. ఆ ఆమోదం లోపలి వైపు ముద్రించి ఉంటుంది, ఎంత బరువు పిల్లలకో కూడా అక్కడే రాస్తారు. 30 నుంచి 50 పౌండ్ల బరువున్న పిల్లలకు ఛాతీకి ఒక ఫోమ్ ముక్క, రెండు చేతులకు రెండు ఫోమ్ ముక్కలు కలిసి, వెనక బకిల్‌తో బిగించే రకం దొరుకుతుంది. ఆమోదం ఉన్నది చూసి కొంటే మీ చిన్నదానికి అది బాగుంటుంది. పెద్దవాడికి వాడి బరువుకు తగ్గ మామూలు లైఫ్ జాకెట్ తీసుకో. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనకు, మనవాళ్లకు ఈ అలవాటు స్కూలు బూట్ల నుంచే ఉంది. తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తు. లైఫ్ జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది పెద్దదే.

రాయల్ కరీబియన్, డిస్నీ కంపెనీల ఓడల్లో పూల్ దగ్గరే పిల్లల లైఫ్ జాకెట్లు ఉచితంగా ఇస్తారు. అయినా ఒంటికి సరిపోయిన సొంతది ఉంటే మంచిదని నా అభిప్రాయం. ఒడ్డుకు దిగినప్పుడు కూడా అదే వాడుకోవచ్చు. జారుడు బల్లల మీదకు మాత్రం ఇవేవీ కుదరవు, పెద్దవాటికి ఎత్తు నియమం కూడా ఉంటుంది, చాలాచోట్ల 48 అంగుళాలు అడుగుతారు. పెద్దవాడిని ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి, ఎక్కగలడో లేదో ఇప్పుడే చెప్పెయ్.

ఇంకొక మాట. పసిపిల్లల మెడ చుట్టూ వేసే గాలి రింగుల వీడియోలు చూసి ముచ్చటపడి ఎవరైనా పాపకు కానుకగా ఇస్తారేమో. పసిపిల్లల మెడ రింగుల గురించి 2022లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. అలాంటిది వస్తే మొహమాటపడకుండా పక్కన పడేయమను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తున్నారు. పెద్దవాళ్లు ఎనిమిది మంది, మీ అత్తగారు కూడా వస్తున్నారు. ఇంతమంది ఉన్నాం కదా అన్న ధీమాయే నాకు భయం కలిగిస్తోంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. పూల్ పక్కన కూర్చుని అందరూ కబుర్లలో పడతారు, ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. మునిగే పిల్లలు సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపుతూ కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి రాగానే శ్వాస కోసమే వాళ్ల శక్తంతా పోతుంది, అరవడానికి ఊపిరే ఉండదు. చప్పుడు లేకుండా, చుట్టూ జనం ఉండగానే జరిగిపోతుంది. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం నీళ్లలో మునగడమే. భయపెట్టాలని రాయడం లేదు, నీ చిన్నదానిది సరిగ్గా ఆ వయసు.

కాబట్టి వంతులు పెట్టుకోండి. ఒక్కొక్కరు పదిహేను, ఇరవై నిమిషాలు. వంతు వచ్చిన మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, గ్లాసు ఉండకూడదు, ఆ మనిషికి ఈత వచ్చి ఉండాలి. మెడలో ఏదైనా గుర్తు వేసుకుంటే ఇంకా మంచిది, గది తాళం కార్డు తగిలించే తాడు చాలు. అది ఎవరి మెడలో ఉంటే వాళ్లదే బాధ్యత, ఆ తాడు ఇంకొకరి మెడలోకి మారితే గానీ కుర్చీ ఎక్కకూడదు. ఈత సరిగా రాని పిల్లల విషయంలో ఒడ్డున నిలబడి చూడటం కూడా చాలదు. నీళ్లలోనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలని పిల్లల వైద్యులు చెబుతారు. వదినగారిని, అదే మీ అత్తగారిని, పిల్లలకు కాపలా పెట్టి మీరంతా బుఫేకు వెళ్లడం మాత్రం వద్దు. ఆమెకు మనవల మీద ప్రేమ ఎంతున్నా ఈత రాదు, తడి నేల మీద పరుగెత్తలేరు. కొన్ని కంపెనీల ఓడల్లో లైఫ్‌గార్డులు ఉంటారు, కొన్నింటిలో అసలు ఉండరు. ఉన్నా, వాళ్ల కళ్లు రెండే.

ఈత దుస్తుల రంగు కూడా చూడు. చిన్నదానికి లేత నీలం రంగుది కొన్నట్టున్నావు. నీళ్లలో మునిగితే ఆ రంగు కనపడదు. కళ్లు చెదిరే నారింజో, ముదురు గులాబీయో తీసుకో. అందంగా లేకపోయినా పరవాలేదు.

మరి ఒడ్డు మీద ఫ్లోట్లు వాడుకోవచ్చా అంటావు. మీ ఏడు రోజుల ప్రయాణంలో రోఆటాన్, కోస్టా మాయా, కోజుమెల్ రేవుల్లో ఓడ ఆగుతుందన్నావు. కోస్టా మాయా వైపు తీరానికి వేసవిలో సర్గాసం అనే గోధుమ రంగు నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది, అలాంటి రోజు సముద్రంలోకి దిగబుద్ధి కాదు. ఓడ ఆగే ఆవరణలోనే పూల్ ఉంది, అక్కడ గడిపెయ్యండి. కోజుమెల్ పడమటి తీరం ప్రశాంతంగా ఉంటుంది, బీచ్ క్లబ్బులన్నీ అటే. కొన్నింటిలో సముద్రంలోనే గాలితో ఊదిన పెద్ద ఆట సామగ్రి పెడతారు, మీ గుర్రం దాని ముందు వెలవెలబోతుంది. ఆ దీవి చుట్టూ ప్రవాహాలు బలంగా ఉంటాయి, తూర్పు తీరం వైపు అయితే పిల్లలను దింపనే వద్దు. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచేటప్పుడు ఫ్లోటు మీద కూర్చున్న పిల్ల నిమిషాల్లో లోతుకు వెళ్లిపోతుంది, ఎంత తెడ్డు వేసినా వెనక్కి రాలేదు. ఒకవేళ ఫ్లోటు వేయాలనే ఉంటే నడుము లోతు దాటకుండా, దాన్ని పట్టుకుని ఒక పెద్ద మనిషి నిలబడితేనే. అందుకోసం ఒక్కటి చాలు, మడిస్తే చీర మడతంత ఉండే చిన్న రింగు. చేతి పంపు తీసుకెళ్లు, కరెంటు పంపు వద్దు. ఒడ్డున గాలి తీసేసి, ఇసుక దులిపి, అప్పుడే ఓడ ఎక్కండి.

పిల్లలు ఆడుకోవడానికి ఏం తీసుకెళ్లాలంటే, మడత పడే సిలికాన్ బకెట్లు రెండు, పారలు రెండు, గిన్నెలు, గరాటు. ఇవి ఇసుకలోనూ పనికొస్తాయి, రాత్రి గది స్నానాలగదిలోనూ పనికొస్తాయి. నీళ్లు చిమ్మే తుపాకులు మాత్రం వద్దు. తుపాకీ ఆకారంలో ఉన్నది ఏదైనా ఎక్కేచోట తనిఖీలో ఆపేసే అవకాశం ఉంది, వరుసలో వెనక ఉన్నవాళ్లు మిమ్మల్ని చూసి విసుక్కుంటారు. నీళ్లలో వేసుకునే చెప్పులు, పొడవు చేతుల ఈత చొక్కాలు పెట్టు. అయస్కాంతపు కొక్కేలు నాలుగు కొను. ఓడ గది గోడలు లోహంతో చేసినవి, కొక్కేలు టక్కున అతుక్కుంటాయి. తడి బట్టలు వేలాడదీయడానికి ఆ ఇరుకు గదిలో అంతకంటే మార్గం లేదు.

ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులో ఇచ్చేస్తాం కదా, అవి గది ముందుకు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఈత బట్టలు, లైఫ్ జాకెట్లు, సన్‌స్క్రీన్ చేతి సంచిలోనే ఉంచు. ఆ మధ్యాహ్నం జనమంతా భోజనాల దగ్గర ఉంటారు, పూల్ ఖాళీగా దొరుకుతుంది. ఓడ రేవులో ఆగిన రోజు ఉదయం కూడా అంతే, అందరూ దిగిపోయాక ఒక గంట పిల్లలను ఆడనివ్వండి. ఏ బొమ్మా లేకపోయినా ఆ గంటే వాళ్లకు ఎక్కువ నచ్చుతుంది చూడు.

ప్రయాణానికి ఇంకా మూడు నెలలుంది. ఫ్లోట్లు తిరిగి ఇస్తే వచ్చిన డబ్బుతో ఇద్దరినీ ఈత తరగతుల్లో చేర్చు. పెద్దవాడు వెల్లకిలా తేలడం నేర్చుకున్నా నాకు సగం నిశ్చింత. నేర్చుకున్నాక కూడా లైఫ్ జాకెట్ తీయకు.

పెట్టెలో మిగిలే చోటు గురించి వదినగారు అడుగుతారు, జంతికలు పెట్టనా అని. ఇంట్లో చేసిన తినుబండారాలు ఓడలోకి రానివ్వరని ఆమెకు మెల్లగా చెప్పు. దుకాణంలో కొన్న, సీలు తీయని ప్యాకెట్లయితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. అల్లుడు గారికి నా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ