మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ మాట వినడం లేదు... మా పాప ఫిజియోథెరపీ చదువుతానంటోంది

ప్రశ్న: మాది గాజువాక. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. వాలీబాల్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. ఫిజియో తొడ బిగించమంటే బిగించలేకపోతోంది, తొడ సన్నబడిపోయింది కూడా. మనసు పెట్టి చేయడం లేదని ఇంట్లో రోజూ గొడవ. 'నరాలు నా మాట వినట్లేదమ్మా' అంటుంది. ఇప్పుడేమో ఫిజియోథెరపీ చదువుతానంటోంది. వాళ్ళ నాన్నగారు 'మాలిష్ చేయడానికి ఇంత చదువా' అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ గొడవ ఆపేయండి. మీ పాప చెప్పింది అక్షరాలా నిజం.

మోకాలి కీలు లోపల సాగుడునూ ఒత్తిడినీ పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. కీలుకు దెబ్బ తగిలినా, ఆపరేషన్ తర్వాత నీరు చేరి వాచినా, అవి వెన్నుపాముకు పంపే కబురు మారిపోతుంది. ఆ కబురు అందగానే, తొడ ముందు కండరాన్ని నడిపే నరకణాలను వెన్నుపాము అణచిపెడుతుంది. మెదడు 'బిగించు' అని ఎంత గట్టిగా చెప్పినా ఆ మాట కండరానికి పూర్తిగా చేరదు. రోజులు గడిచేకొద్దీ మెదడు నుంచి కండరానికి వెళ్ళే దారిలోనూ మార్పులొస్తాయి. వాడక తగ్గి తొడ సన్నబడడం దీనికి తోడవుతుంది. డాక్టర్లు దీన్ని ఆర్థ్రోజెనిక్ మజిల్ ఇన్‌హిబిషన్ అంటారు. కండరానికి దెబ్బేమీ తగలకపోయినా, దానికి అందాల్సిన ఆజ్ఞ మధ్యలో ఆగిపోతుందన్నమాట.

నొప్పికి భయపడి బిగించడం లేదేమో అనుకుంటారు చాలామంది. 1984లో వచ్చిన ఒక పరిశోధనలో ఏ దెబ్బా లేని మోకాళ్ళలోకి సెలైన్ ఎక్కించి చూశారు. 20, 30 మిల్లీలీటర్లకే, అంటే రెండు పెద్ద చెంచాల నీటికే, మోకాలి చిప్ప పక్కన లోపలివైపు ఉండే తొడ కండరం మందగించింది. దెబ్బే తగలని మోకాలు రెండు చెంచాల నీటికి అలా అయితే, కోసి కుట్టిన మోకాలి సంగతి ఆలోచించండి.

మా పెద్దమ్మకు మోకీలు మార్పిడి అయినప్పుడు రోజూ నేనే ఫిజియో గదికి తీసుకెళ్ళేదాన్ని. మడత పెట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కమనేవారు. మంచి కాలికి చిప్ప టక్కున పైకి జరిగేది. ఆపరేషన్ కాలికి ఏమీ లేదు, పెద్దమ్మ పళ్ళు బిగించి నుదుటి మీద చెమట పట్టేదాకా ప్రయత్నించినా సరే. ఒకరోజు తొడ మీద రెండు ప్యాడ్లు అంటించి కరెంట్ పెట్టారు. కండరం ఒక్కసారిగా ఎగిసింది. 'అది నా కాలేనా!' అంది. కరెంట్ వచ్చినప్పుడల్లా తనూ బిగించమన్నారు. ఆ కరెంట్ వెన్నుపాము అనుమతి కోసం ఆగదు, తొడలోని నరాల కొమ్మలనే నేరుగా కదిలిస్తుంది. అందుకే పని చేస్తుంది. మీ పాపకు ఇది పెట్టవచ్చా, ఐస్ ఎంతసేపు పెట్టాలి, వాపు ఎలా తగ్గించాలి అన్నవి ఆపరేషన్ చేసిన డాక్టర్‌నీ ఫిజియోనీ అడగండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెళ్ళిపోండి.

ఇక చదువు. వాళ్ళ నాన్నగారికి పైన రాసినదంతా చదివి వినిపించండి, మాలిష్ అన్న మాటకు అదే జవాబు. ఫిజియోథెరపీ డిగ్రీని బీపీటీ అంటారు. అందులో అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్, ఎలక్ట్రోథెరపీ, నరాల జబ్బులు అన్నీ ఉంటాయి. ఇన్నాళ్ళూ అది నాలుగున్నరేళ్ళ కోర్సు. 2025లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళు. ఆ తర్వాత పీజీ, అంటే ఎంపీటీలో స్పోర్ట్స్, ఆర్థో, న్యూరో లాంటి విభాగాలున్నాయి. నరాలు ఎందుకు మాట వినడం లేదన్న మీ పాప సందేహానికి సరిగ్గా సరిపోయేది ఆ చదువే. మన రాష్ట్రంలో సీట్ల కోసం విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఈ చదువు చెప్పే కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది, మనకు రైల్లో సులువే. నీట్ కూడా రాయనివ్వండి, ఏ తలుపూ ముందే మూసుకోవద్దు.

ఒక మాట దాచను. కొత్తగా చేరిన ఫిజియోకు జీతం తక్కువే, నిలదొక్కుకోవడానికి ఏళ్ళు పడుతుంది. రోజుకు పదిమందికి అదే వ్యాయామం అదే ఓపికతో చెప్పాలి. అందుకే కాలు కుదుటపడ్డాక, విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనో మీకు దగ్గర్లోని ఆసుపత్రిలోనో అనుమతి అడిగి ఒక వారం ఫిజియో విభాగంలో కూర్చోబెట్టండి. కుర్రాళ్ళ దగ్గర కాదు, డెబ్బై ఏళ్ళ మామ్మల దగ్గర. వారమైనా విసుగు రాకపోతే చేర్పించేయండి. నరాల గురించి ఆసక్తి ఉండి రోగులతో ఓపిక లేకపోతే, ఫిజియాలజీ చదివి పరిశోధన వైపు వెళ్ళవచ్చు. అదీ మంచి దారే.

ఈ రాత్రి మీరు ఒక పని చేయండి. పాపను కాళ్ళు చాపి కూర్చోబెట్టి, ఫిజియో నేర్పిన పద్ధతిలోనే తొడ బిగించమనండి. చిప్పకు కాస్త పైన, లోపలివైపు మీ వేళ్ళు ఆనించి ఉంచండి. చిన్న కదలిక తగిలినా వెంటనే చెప్పండి, 'ఇదిగో, ఇక్కడ కదిలిందమ్మా' అని.