పాఠం చెప్పబోతున్న గాయనికి

చిరంజీవికి ఆశీస్సులు.

రేడియో ఆడిషన్‌లో బి హై గ్రేడు వచ్చిందనీ, ఇకమీదట కచేరీలతో పాటు ఇంట్లో కర్ణాటక సంగీత పాఠాలు కూడా మొదలుపెట్టాలనుకుంటున్నావనీ రాశావు. రెండూ సంతోషించవలసినవే. అయితే కచేరీ చేసేదీ, పాఠం చెప్పేదీ ఒకే గొంతు కనుక, పాఠాలు కచేరీని తినేయకుండా ముందే కట్టుదిట్టం చేసుకోవాలి.

కొత్తగా పాఠం చెప్పేవాళ్లు విద్యార్థి పాడుతున్నంతసేపూ తామూ గొంతు కలుపుతూ ఉంటారు. ఆ ఊతంతో పిల్లలు సాఫీగా పాడేస్తారు కానీ, ఇంట్లో తంబురా పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నప్పుడు ఏమీ పలకదు. నువ్వు ఏ స్వరవరుసనైనా, సంగతినైనా (పాటలోని ఒక పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) తాళం వేస్తూ ఒకటి రెండుసార్లు నిండుగా పాడి వినిపించు. ఆ తరువాత మౌనంగా విను. తప్పు దొర్లితే మొదటినుంచీ ఎత్తుకోకుండా ఆ ఒక్క చోటే సరిదిద్దు. ఉదాహరణకు మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం (రి) షడ్జానికి (స) బాగా దగ్గరగా ఉంటుంది. పిల్లలు ఆ పైనున్న అంతర గాంధారం (గ) అందుకోవాలన్న తొందరలో ఆ రిషభాన్ని కాస్త ఎత్తి పాడతారు. అప్పుడు వరుసంతా పదిసార్లు పాడించినా లాభం లేదు. తంబురా మీద స-రి-స మాత్రం నిలిపి పాడించి, చెవికి ఆ దూరం పట్టుబడ్డాకే ముందుకు పోవాలి. మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, నిలవని స్వరం దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో కుదురుతుందని ఎన్నడూ ఆశించకు.

శ్రుతి విషయం, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జం ఎంత ఎత్తులో ఉండాలన్నది, మరింత జాగ్రత్తగా చూసుకో. నువ్వు ఐదు శ్రుతిలో పాడతావు. గొంతు మారిన మగపిల్లవాడు ఒకటి శ్రుతిలో పాడతాడు. అతనికోసం నువ్వూ ఒకటికి వెళితే, నీ ఆధార షడ్జం నీ మధ్యమం దగ్గరికి చేరుతుంది. అక్కడినుంచి తారస్థాయి (పై స్థాయి) పంచమం అందుకోవడమంటే పాడడం కాదు, అరవడం. అలాగని కింది షడ్జం పట్టుకుంటే మంద్రంలో (కింది స్థాయిలో) నీ గొంతు పలకదు. గంటసేపు ఇలా చేస్తే ఆ సాయంత్రానికి నీ గొంతు నీది కాదు. కనుక నీ శ్రుతిలోనే పాడి చూపించి, తంబురా మార్చి అతని శ్రుతిలో అతనిచేత పాడించు. మొదట్లో కష్టంగా ఉన్నా, కొన్నాళ్లకు స్వరస్థానాలను శ్రుతితో నిమిత్తం లేకుండా గుర్తుపట్టడం అతనికే అలవాటవుతుంది. నలుగురిని కలిపి చెప్పదలిస్తే వయసును బట్టి కాక, శ్రుతి కలిసేవాళ్లను ఒక జట్టు చెయ్యి.

మగపిల్లల గొంతు మారే వయసులో తల్లిదండ్రులు పాఠం మాన్పించడానికి తొందరపడతారు. పూర్తిగా మాన్పించనక్కరలేదు. శ్రుతి తగ్గించి, తారస్థాయి జోలికి పోకుండా, కొద్దిసేపే పాడించు. మిగిలిన సమయంలో తాళం, స్వరజ్ఞానం, రాగలక్షణం చెప్పు. గొంతు కుదురుకున్నాక మళ్లీ సరళీ స్వరాల నుంచే మొదలుపెట్టడానికి నామోషీ పడవద్దని ముందుగానే చెప్పి ఉంచు.

ఇక నీ సాధన. మొదటి విద్యార్థి రాకముందే అది ముగిసిపోవాలి. పాఠాలయ్యాక చేసుకుందామనుకున్న సాధన ఎవరికీ సాగినట్టు నేను చూడలేదు. తెల్లవారగానే పైస్థాయికి ఎగబాకకుండా, మంద్రంలో అకార సాధనతో, అంటే స్వరాలను 'ఆ' అంటూ పాడడంతో, మొదలుపెట్టు. కచేరీకి ముందు రోజు పాఠం పెట్టుకోకు. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు స్వరతంత్రులకు చేటు చేస్తుంది, దానికి బదులు ఒక గుక్క నీళ్లు తాగు. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడడం విశ్రాంతి కాదు, మాట్లాడకపోవడమే విశ్రాంతి. ఆ బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే కషాయాలతో కాలయాపన చేయకుండా గొంతు వైద్యునికి చూపించుకో.

పాఠాలు చెప్పేవారిని కచేరీలు లేనివారిగా లెక్కగట్టే మాటలు నీ చెవిన పడతాయి. శ్రీపాద పినాకపాణిగారు వృత్తిరీత్యా వైద్యులు, వైద్యవిద్య బోధించినవారు; అయినా నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటివారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1983లో పినాకపాణిగారికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు వచ్చింది. నేదునూరివారు కూడా సంగీత కళాశాలలకు ప్రిన్సిపాలుగా ఉంటూనే కచేరీలు చేశారు. నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. ఏళ్ల తరబడి సరళీ స్వరాలూ, గీతాలూ, వర్ణాలూ మాత్రమే చెబుతూ ఉంటే మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడే శక్తి, మొద్దుబారుతుంది. ఆలాపన ఎత్తుకోగానే పాఠంలోని సంచారాలే (స్వరాల నడకలే) వరుసగా నోటికి వస్తాయి. అందుకని వారానికి ఒక రాగం పట్టుకుని, వినేవారెవరూ లేకుండా, తీరికగా ఆలాపన చేసుకో. నేర్పే కృతులకు తోడు, ఎవరికీ నేర్పని కొత్త కృతులు కొన్ని నీకోసం నేర్చుకుంటూ ఉండు.

రుసుము, రాని రోజుల లెక్క మొదటి రోజే చెప్పెయ్యి. మొహమాటపడితే తరువాత చెప్పలేవు. వేదిక ఎప్పుడెక్కిస్తారని అడిగే తల్లిదండ్రులకు తేదీ ఇవ్వకు. వర్ణం రెండు కాలాల్లో శ్రుతి చెదరకుండా పాడిన రోజున ఆలోచిద్దామని చెప్పు, సరిపోతుంది.

మొదట నలుగురిని మించి చేర్చుకోకు. వాళ్ల శ్రుతులూ, వచ్చే వేళలూ, నీ సాధన వేళా ఒక కాగితం మీద రాసి పంపు. ఎవరిని ఎవరితో కలపవచ్చో చూసి జవాబు రాస్తాను.